చట్టం వచ్చేసింది కదా!

"రాజ్యాంగం వచ్చాక కూడా ఇంకా కులమేంటండీ" అని విసుక్కునే పెద్దమనుషులంటే నాకు భలే గౌరవం. గెజిట్‌లో అచ్చయిందంటే ఊళ్లో అమలైపోయినట్టే వాళ్లకి. ఆ లెక్కన ఫ్రాన్సు యూదుల కష్టాలు 1791 సెప్టెంబరు 27నే గట్టెక్కాయి. ఆ రోజు పారిస్ జాతీయ సభ వాళ్లందరినీ సమాన పౌరుల్ని చేసింది. పదిహేడేళ్లు తిరక్కుండానే, 1808లో, నెపోలియన్ వాళ్ల అప్పులకీ వ్యాపారాలకీ విడిగా ఆంక్షలు పెట్టాడు. సమానులకి ప్రత్యేక మర్యాదలు మరి!

మనం ఇంకా ఘనులం. 1950లో 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేశాం. 1955లో శిక్షలతో చట్టం చేశాం. కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ల చెరువుకి మాత్రం ఆ కబురు అందలేదు. 1985 జులైలో కమ్మ రైతుల కుర్రాడొకడు గేదెల కుడితి బకెట్టు కడిగి ఆ మురికి చెరువులో కలుపుతుంటే, "మేం తాగే నీళ్లవి" అంటూ ఒక మాదిగ పిల్లాడు అడ్డు చెప్పాడు. దెబ్బలు పడ్డాయి. నీళ్లకొచ్చిన సువార్త అనే మాదిగ స్త్రీ మీదికీ చెయ్యి లేస్తే, ఆమె చేతిలో బిందె ఎత్తింది. సమానత్వంలో బిందె ఎత్తడం కూడా ఉందని ఏ అధికరణంలో రాశారు? మర్నాడు, 17న, ఊరు పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్లని చెరిచారు.

చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్లు కూడబలుక్కుని న్యాయం అడిగేసరికి "కులాన్ని రెచ్చగొడుతున్నారు" అన్నారు పెద్దమనుషులు. దీనికి పారిస్ జాతీయ సభ సభ్యుడు క్లెర్మాంట్-టానేర్ 1789లోనే బాట వేశాడు: యూదుడు మనిషిగా వస్తే అన్నీ ఇద్దాం, జాతిగా వస్తే ఏమీ ఇవ్వొద్దు. మనవాళ్ల పద్ధతీ అదే. ఒక్కడివే వస్తే అరుగు కింద నిలబెట్టి మాట్లాడతాం, పల్లెంతా కలిసొస్తే కులగజ్జి. తరిమేటప్పుడు మాత్రం విడివిడి మనుషులు గుర్తురాలేదు, పల్లె మొత్తాన్నీ తరిమారు.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇజ్రాయెల్ సంతతి అంటూ యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్, కట్టుకున్నాయి. కొందరికి అది నవ్వులాట. యూరప్‌లో అంత చావుదెబ్బ తిన్న జాతితో కోరి చుట్టరికం కలుపుకుంటున్నారంటే, ఇక్కడి మన చుట్టరికం ఎంత గొప్పదో!

న్యాయం జరగలేదా అంటారు. జరిగింది. 1985 నాటి కేసు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టులో తేలింది: ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు. ఈలోగా 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అంటే ముందున్న చట్టాలు చాల్లేదని పార్లమెంటే ఒప్పుకుంది. మన పెద్దమనుషులే ఇంకా ఒప్పుకోలేదు.