కంచు కంచము స్వీయచరిత్ర

శ్రీకాకుళము జిల్లాలోని బుడితి గ్రామమున, రాగిని తగరమును కరిగించి కంచు గావించు పనివారి కొలిమిలో నేను జన్మించితిని. నా యుదరము విశాలము, అంచు ఉన్నతము; మీటినచో గుడిగంటకు తోబుట్టువునని చాటుకొను కంఠము నాది. పెండ్లిసారెతో విశాఖపట్టణమునందలి యొక గృహమునకు వచ్చి, చింతపండుతో తోమించుకొని తళతళలాడుచు, ఆ యింటి భోజనములకు నేనే అధిష్ఠానమని గర్వించుచుంటిని.

ఆ యింట ప్రేమకు కొలమానము వడ్డనయే. పెద్దావిడ గరిటె పట్టినచో “ఇంకొక్క ముద్ద” యను మాటకు అంతముండెడిది కాదు. చేయి అడ్డము పెట్టినను వ్రేళ్ల సందులనుండియైనను అన్నము నాయందు పడవలసినదే, అన్నము పరబ్రహ్మస్వరూపము గనుక పడినదంతయు తినవలసినదే. ఈ రెండు విధుల నడుమ ఆ యింటి కోడలు ఏండ్ల తరబడి భుజించెను. బడిలో పాఠములు చెప్పి అలసివచ్చి, అందరికిని పెట్టి, మిగిలినది పారవేయుటకు మనసొప్పక ఆమె తిన్న తిండికిని ఆకలికిని సంబంధము లేదని నేనెరుగుదును. ఒకనాడు ఉపవాసము, ఆ రాత్రియే డబ్బాడు జంతికలు, మరునాడు పశ్చాత్తాపముతో మరల ఉపవాసము. దేహము బరువెక్కెను; రక్తమున చక్కెర హద్దులను తాకెను.

2025 జూన్ నెలలో సెమాగ్లూటైడు అను మందు వెగోవి పేరున మన దేశపు అంగళ్లకు వచ్చెను. కొంతకాలమునకు, డాక్టరు సలహాపై, పెన్ను ఆకారముగల ఆ సూదిమందు మా ఫ్రిజ్జులో గోంగూర పచ్చడి సీసా సరసన చోటు సంపాదించుకొనెను. వారమునకొక్కమారు పొట్టపై గుచ్చుకొను 0.25 మిల్లీగ్రాముల మందు, పిదప క్రమముగా హెచ్చించునదే యైనను, తరతరముల వడ్డనను ఎదిరింపగలదా యని నేను లోలోన నవ్వుకొంటిని. భుజించిన పిదప ప్రేవులనుండి వెలువడు జీఎల్‌పీ-1 అను హార్మోను, కడుపు నిండినదని మెదడునకు విన్నవించి నిమిషములలో నశించునట. దానిననుకరించు ఈ మందు మాత్రము వారము గడచినను సగము మిగిలి, జీర్ణాశయము ఖాళీయగుటను మందగింపజేయుచు, అదే విన్నపమును విడువక వినిపించుచుండునట. ఇవి డాక్టరు చెప్పగా కోడలు భర్తకు వివరించిన మాటలు. నేను స్వయముగా కనుగొన్నది వేరు: ఆమె వ్రేళ్లలోని తొందర పోయెను.

అయితే తొందర పోయినంతమాత్రమున అన్నముతో స్నేహము కుదిరినదని తలంపరాదు. నూనె తేలు గుత్తివంకాయ కూర తిన్న రాత్రి వికారము, నీరు చాలక మలబద్ధకము సంభవించెను, అవి యటుండనిండు. అంతకంటె భయంకరమైనది, నాలుగు ముద్దలతో లేచిపోవుటయే ఘనకార్యమని ఆమె మురియసాగుట. పూర్వము తిన్నందుకు తన్ను తాను నిందించుకొనెడి మనిషి ఇప్పుడు తిననందుకు తన్ను తాను మెచ్చుకొనుచుండెను. నా దృష్టిలో రెండును ఒకే వ్యాధి. డాక్టరు మందలించెను. తగ్గెడి బరువులో కొవ్వుతోపాటు కండయు కరుగుననియు, మాంసకృత్తులు తగ్గరాదనియు, బరువులెత్తు వ్యాయామము వలయుననియు చెప్పెను. ఒక ప్రసిద్ధ పరిశోధనలో ఈ మందు మానినవారు ఏడాదిలో తాము తగ్గినదానిలో మూడింట రెండువంతులు మరల పెరిగిరని కూడ చెప్పెను.

అప్పటినుండి నాపై వడ్డన క్రమము మారెను. ముందు పప్పు, ఉడికిన గుడ్డు లేదా చేప, కూర, పిదపనే అన్నము. చిన్న కంచమైనచో తక్కువ తినవచ్చునని బంధువులు హితవు చెప్పినప్పుడు, అటకపై నా శేషజీవితమును తలంచుకొని వణకితిని. ఆమె యొప్పుకొనలేదు, కంచములో ఖాళీ కనబడిన తప్పేమియని యడిగెను. సంక్రాంతినాడు ఒక అరిసెలో సగము నెమ్మదిగా నమలి, మిగిలిన సగమును రేపటికని డబ్బాలో పెట్టెను; ఆ పిదప ఉపవాసము లేదు, ఏడ్పు లేదు. అరిసెను పాపమని పిలుచు నాగరికులను నేను క్షమింపజాలను; బియ్యపుపిండియు బెల్లమును చేసిన నేరమేమి?

మందు కోడలి ఆకలిని మార్చెను గాని, అత్తగారి గరిటెను మార్చు మందు ఏ యంగడిలోను దొరకదు. అన్నము విడిచి లేచిన నాడు పెద్దావిడ, “నా వంట చేదైపోయిందా?” యని ముఖము త్రిప్పుకొనెను. “మీ వంటకేం అత్తయ్యా! నాకే పట్టడం లేదు. వడ్డించే ముందు ఒక్క మాట అడగండి, వదిలెయ్యాల్సిన పనే ఉండదు” అని కోడలు బ్రతిమాలెను. ఆ యొక్క మాట పెద్దావిడ నోటికి వచ్చుటకు మందు ఫలించుటకంటె ఎక్కువ కాలము పట్టెను. అడుగుచునే వడ్డించివేయు దినములు ఎన్నియో గడచెను.

నిన్న మధ్యాహ్నము గరిటె నామీదికి వచ్చి ఆగెను. “వెయ్యనా?”

“అన్నం వద్దు అత్తయ్యా. ఆ ముద్దపప్పు ఇంకొక్క గరిటె వెయ్యండి.”

పెద్దావిడ రెండు వేసెను.