అడిగేవాడు లేని కొండ ఇల్లు కొనే విధానం

డెన్వర్ శివార్లలో ఇల్లు కొన్న తెలుగువారికి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉత్తరాల గురించి కొత్తగా చెప్పేదేముంది? గడ్డి పెరిగిందని ఒకటి, చెత్తడబ్బా వీధిలోకి కనిపిస్తోందని ఒకటి, తలుపుకు వేసిన రంగు ఆమోదించిన పట్టికలో లేదని మరొకటి. నెలనెలా డబ్బు కట్టి మరీ చీవాట్లు తినడం విసుగెత్తిందా? అయితే కొలరాడో కొండలెక్కండి. తొమ్మిది వేల అడుగుల ఎత్తున, హెచ్‌ఓఏ నీడ పడని చోట ఇల్లు కొనండి. ఎలాగో మెట్టు మెట్టుగా చెబుతాం.

ఒకటో మెట్టు: ప్రకటనలో “నో హెచ్‌ఓఏ” అని కనిపించగానే మిగతాది చదవడం ఆపేయండి. సంఘం లేకపోయినా, ఆ భూమిని ఎప్పుడో ప్లాట్లు వేసినప్పుడు రాసిన కవనెంట్లు, అంటే స్థలం వాడకంపై షరతులు, భూమితోపాటే మీకు సంక్రమించవచ్చు. వాటిని పట్టుకుని పక్క ప్లాటాయన మిమ్మల్ని కోర్టుకు లాగవచ్చు. నేల మీదే అయినా, దాని కింది ఖనిజాల మీద హక్కు ఏనాడో వేరొకరికి పోయి ఉండవచ్చు. ఇలాంటివి టైటిల్ కాగితాల్లో బయటపడతాయి. చదివితే ఉత్సాహం చచ్చిపోతుంది కనుక సంతకాలయ్యాక తీరిగ్గా చదువుకోండి.

రెండో మెట్టు: వాస్తు చూపించండి. ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు అని సిద్ధాంతిగారు హైదరాబాదు నుంచి వాట్సాప్‌లో పటం పంపుతారు. భద్రంగా దాచుకోండి. బావికీ మురుగునీరు ఇంకే చోటికీ మధ్య నూరడుగులుండాలని నిబంధన. ఆ నూరడుగులు ఏ దిక్కున దొరుకుతాయో, ఎక్కడ మట్టి ఉందో, ఎక్కడ బండ తగులుతుందో తేల్చేది కొండ. ఈశాన్యం పల్లంగా ఉంటే మంచిదంటారు కదా, అటువైపు ఏకంగా లోయే ఉంటే అంతకన్నా శుభం ఏముంది?

మూడో మెట్టు: గోంగూర మడి గురించి కలలు కనండి. 35 ఎకరాలకు తక్కువైన చాలా స్థలాలకు దొరికేది ఇంటి లోపలి వాడకానికి మాత్రమే పనికొచ్చే బావి అనుమతి. ఆ నీటితో స్నానం చేయవచ్చు, పప్పు కడగవచ్చు. బయట మొక్కకు చెంబెడు పోయకూడదు. పోనీ వాననీళ్లు పడదామంటే, ఈ రాష్ట్రంలో 2016 దాకా చాలా ఇళ్లకు అదీ చట్టవిరుద్ధమే. కిందికి పారే ప్రతి చుక్కకూ ఎవరో ఒకరు ముందే హక్కుదారు మరి. ఆ ఏడాది చట్టం దయతలచి రెండు పీపాలు, మొత్తం 110 గ్యాలన్ల దాకా అనుమతించింది. గడ్డి ఎండిందని హెచ్‌ఓఏ ఉత్తరం రాసేది. తడిపారని ఇక్కడ ప్రభుత్వం రాస్తుంది.

నాలుగో మెట్టు: గృహప్రవేశం నడివేసవిలో, హోమం ఆరుబయట పైన్ చెట్ల కింద పెట్టుకోండి. అప్పటికి కౌంటీలో మంటల నిషేధం అమల్లో ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి షెరీఫ్ మనుషులు కూడా పిలవకుండానే వస్తారు. వాళ్లు వెళ్లాక బీమా కంపెనీ వంతు. గోడకు ఐదడుగుల లోపల అంటుకునేదేదీ ఉండకూడదు, కట్టెల మోపు ముప్ఫై అడుగుల అవతల ఉండాలి, ఆ కొమ్మ కొట్టండి, ఈ చెట్టు తీయండి అంటుంది. ఆ కంపెనీ వదిలేసి, ఇంకెవరూ తీసుకోకపోతే, చివరి దిక్కుగా ఫెయిర్ ప్లాన్ అనే బీమా పెట్టడానికి 2023లో రాష్ట్రం చట్టం చేసింది. అడిగేవాడు లేడనుకుని వచ్చిన మీకు, చెట్టు చెట్టుకూ సంజాయిషీ అడిగేవాడు దొరికాడు.

ఐదో మెట్టు: ఆవకాయ జాడీ వరండాలో పెట్టండి. చలికాలం నిద్రకు ముందు కొలరాడో నల్ల ఎలుగు రోజుకు 20,000 కేలరీల దాకా తింటుంది. కారు తలుపు తీయడం కూడా దానికి వచ్చు. చెత్తడబ్బా ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో ఇకమీదట అదే నేర్పుతుంది. హెచ్‌ఓఏకైతే అప్పీలు చేసుకునే వీలుండేది.

ఆరో మెట్టు: దారి గురించి అడక్కండి. అది ప్రైవేటు రోడ్డయితే మంచు తీయడానికి కౌంటీ రాదు. దారి పొడవునా ఉన్నవాళ్లు ఏడాదికోసారి ఎవరింట్లోనో కూర్చుని, ప్లో బండికింత, కంకరకింత అని చందాలు వేసుకుంటారు. దానికో అధ్యక్షుడు, కోశాధికారి, కట్టనివాళ్ల జాబితా ఉంటాయి. దాన్ని హెచ్‌ఓఏ అని మాత్రం పిలవకండి, మర్యాద కాదు.

ఏడో మెట్టు: పక్కింటాయన్ను పలకరించండి. ఆయనా మీలాగే ఎవరూ అడగకూడదనే ఇక్కడికి వచ్చాడు. పెరట్లో తుపాకీ గురి చూసుకుంటాడు, పాడైన ట్రక్కులు వరసగా నిలుపుకుంటాడు, తెల్లవారకముందే జనరేటర్ వేస్తాడు. ఆయన ఆవులు మీ స్థలంలోకి వస్తే తోలడం మీ పని; రాకుండా కంచె వేసుకోవడమూ మీ పనే. సరైన కంచెకు మూడు వరసల ముళ్లతీగ ఉండాలని చట్టం కొలత కూడా ఇచ్చింది. లారిమర్ కౌంటీ కమిషనర్ జాన్ క్లార్క్ 1990లలోనే కొత్తగా వచ్చేవాళ్ల కోసం “కోడ్ ఆఫ్ ది వెస్ట్” అని ఒక కరపత్రం రాసి, రోడ్డు, దుమ్ము, పశువులు, ఆలస్యంగా వచ్చే అంబులెన్సు అన్నీ అందులో చెప్పేశారు. నిబంధనలు లేని చోట స్వేచ్ఛ మీ ఒక్కరికే రాదని దాని సారాంశం.

ఆఖరి మెట్టు: బయానా ఇచ్చేముందు ఒక కాగితం తీసుకుని రెండు వరసలు రాయండి. మీరు చేయాలనుకున్నవి ఒక వైపు, పక్కవాడు చేయకూడనివి రెండో వైపు. రెండో వరస పొడుగ్గా వచ్చిందంటే మీకు కొండతో పని లేదు, మీరే రాసిన నిబంధనలున్న హెచ్‌ఓఏ కావాలి. దానికి ఇప్పుడున్న ఇల్లు చాలు. వచ్చే ఏడాది బోర్డు ఎన్నికల్లో నిలబడండి. ఆ పదవికి ఎవరూ ఎగబడరు కాబట్టి ఏకగ్రీవంగా నెగ్గుతారు.