కరటకశాస్త్రి ఈ-టెండర్ శిక్షణ కేంద్రం

కాంట్రాక్టు సంస్థలు ఈ-టెండర్లకు ఇంకా సన్నద్ధం కాలేదట, వాటికి శిక్షణ ఇవ్వాలట! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది 2003లో. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇంజినీరింగ్ కూడా ముగించేశారు. అయినా పెద్దలు శిక్షణ అన్నారు గనుక కాదనకూడదు. కేంద్రం మాత్రం అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలోనే పెట్టాలి. 1862లో గురజాడ అప్పారావు పుట్టిన ఊరది. ఈ విద్యకు కావలసిన పాఠ్యపుస్తకం ‘కన్యాశుల్కం’ నాటకం రాసిందీ ఆయనే. శిష్యుడికి చీర కట్టి, కన్య అని నమ్మించి, లుబ్ధావధాన్లుకు అంటగట్టిన కరటకశాస్త్రిని మించిన కన్సల్టెంటు మనకెక్కడ దొరుకుతాడు?

డిజిటల్ సంతకం, ఈఎండీ, అప్‌లోడ్... ఇవన్నీ ఒక పూట పాఠం. అసలు చదువు చీర కట్టడం. ఖజానా కోరుకునే కన్య పేరు పోటీ. ఒక్క బిడ్డే వస్తే అధికారి మొహం చిట్లిస్తాడు కాబట్టి ఇద్దరు శిష్యుల్ని ముస్తాబు చేయాలి. అసలాయన అంచనా మీద 4.1 శాతం ఎక్సెస్ వేస్తే శిష్యులు 4.5, 4.8 వేసి తలొంచుకు కూర్చోవాలి. తాళి పడ్డాక కన్యలు మాయం, శుల్కం మాత్రం జనానిది. ఇదంతా కవి కల్పన అనుకుంటే పొరుగున ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లండి. అక్కడ 4,601 కోట్ల రూపాయల విలువైన 1,921 టెండర్లలో అధికారులూ బిడ్డర్లూ వాడినవి అవే 74 కంప్యూటర్లని కాగ్ తేల్చింది. పిల్లవారికీ పిల్లాడివారికీ ఒకటే విడిది! పాపం, కరటకశాస్త్రి ఆ మోసం చేసింది మేనకోడల్ని కాపాడటానికి. వీళ్లు కాపాడేది పర్సంటేజీని.

అయితే ఈ-టెండర్ దండగేనా అంటారేమో. కాదు. టెండరు పెట్టె చుట్టూ మనుషుల్ని నిలబెట్టి, కవరు వేయనివ్వకుండా తరిమేసిన రోజులు పోయాయి. అది చిన్న మేలు కాదు. చిన్న కాంట్రాక్టర్లకు కంప్యూటరు రాదంటారా? నెట్ సెంటర్ కుర్రాడికి వచ్చు. చిన్న కాంట్రాక్టరును తరిమేస్తున్నది మౌస్ కాదు, రాని బిల్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులు చేసినవాళ్లు తమ డబ్బు కోసం హైకోర్టుకెక్కారు. వడ్డీతో కట్టమని 2021లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే రోడ్ల మరమ్మతులకు టెండర్లు పిలిస్తే వేసేవాళ్లు కరవయ్యారు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి సీసీ రోడ్డు పోసినవాడికి పాస్‌వర్డ్ పాఠం చెప్పడానికి సిగ్గుండాలి! గడువు ఒక్క నిమిషం దాటితే వాడి మొహాన తలుపు మూసే పోర్టల్, బిల్లు ఏళ్ల తరబడి మురిగినా సర్కారును పల్లెత్తు మాట అనదు. రింగు కట్టినవాడికి ఆ బాధే లేదు. ఆలస్యం ఖరీదును ఎక్సెస్‌లో ముందే కలిపేసుకుంటాడు. ఈ శిక్షణలు ఆపండి. పాత బిల్లులు కట్టండి. ఏ బిడ్ ఏ కంప్యూటరు నుంచి వచ్చిందో, ఏ పనికి ఏ తేదీన డబ్బు చెల్లించారో అదే పోర్టల్‌లో అందరికీ కనబడేలా పెట్టండి.