ఎడిటర్ గారు

మాదాపూర్‌లో మా ఆఫీసున్న అంతస్తు మొత్తానికి ఆయన ఎడిటర్ గారే. అసలు పేరు జీతం చీటీలో తప్ప ఎక్కడా కనబడదు. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ల గురించి ఆయనకు తెలిసినంత, రోజూ వాటిలోనే రాసే మాకెవరికీ తెలియదు. రాసే పని లేనివాళ్ళకే ఆ తీరిక.

ఈ బిరుదు తెనాలి దగ్గర అత్తగారి ఊరు దాకా పాకింది. "మీ ఆయనేం చేస్తుంటాడే?" అని అడిగితే భార్య విసుగ్గా "పొద్దస్తమానం ఎడిటర్ గొడవే" అందట. పత్రికలో పెద్ద ఉద్యోగం కాబోలని ఊరంతా అనుకుంది. ఆవిడ చిన్నాన్న, రిటైరైన తెలుగు మాస్టారు, సంక్రాంతి పండక్కి 116 పద్యాలు టైపు చేయించి తెచ్చి, "అల్లుడు గారూ, ఇక మీ దయ" అని చేతిలో పెట్టారు. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఈయన పుచ్చేసుకున్నారు.

అదే పండక్కి బావమరిది ఇంకో పని అప్పజెప్పాడు. ఆవకాయ వ్యాపారానికి వెబ్‌సైట్. సరుకు, ధర, ఫోన్ నంబరు, మొత్తం మూడు పేజీలు. "వారంలో ఇచ్చేస్తా బావా" అన్నారు. అది 2014. కాకపోతే దేనిలో రాయాలో ముందు తేలాలి కదా!

మొదట సబ్లైమ్ టెక్స్ట్. దాన్ని ఊరికే దించుకుని పరీక్షించుకోవచ్చు. పరీక్షకు గడువంటూ లేదు. సేవ్ చేసినప్పుడు అప్పుడప్పుడూ మాత్రం, వినాయకచవితి చందా కుర్రాళ్ళలా, కొనమని గుర్తుచేస్తుంది. ఈయన అంతే మర్యాదగా క్యాన్సిల్ నొక్కుతారు. "కొంటే తీర్పు చెప్పేసినట్టే. వాదనలింకా పూర్తి కాలేదుగా" అంటారు.

అదే ఏడు గిట్‌హబ్ వాళ్ళ ఆటమ్ వచ్చింది. అది తెరుచుకునే వేగాన్ని స్టాప్‌వాచ్ పెట్టి మరీ కొలిచి పుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నారు. 2015లో మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కోడ్ తెచ్చింది. దానికి ముప్ఫై ఎక్స్‌టెన్షన్లు తగిలించారు. బ్రాకెట్లకు రంగులు పూసేదొకటి, ఆ రంగులు కళ్ళకు గుచ్చుకోకుండా చూసేది మరొకటి. సెట్టింగ్స్ ఫైలు తొమ్మిది వందల లైన్లకు చేరింది. ఆయన చేత్తో పూర్తయిన రచన ఏదైనా ఉందంటే అదే.

మధ్యలో ఓ శ్రావణమాసం విమ్ దీక్ష పట్టారు. 1991 నుంచీ ఉన్న ఎడిటర్, వాడి చూడాల్సిందేనన్నారు. తొలిరోజే లోపలికెళ్ళి, బయటికొచ్చే దారి తెలియక కంప్యూటర్ ఆపేశారు. ఆ దారి చెప్పమన్న ప్రశ్నను స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2017కే పది లక్షల మందికి పైగా చూశారని తెలిశాక అవమానం కాస్త తగ్గింది. తర్వాత ఎమాక్స్. అందులో డాక్టర్ అనే ఆదేశం ఇస్తే ఓ మానసిక వైద్యుడు తెర మీదికొచ్చి, మీ సమస్యలు చెప్పండి అంటాడు. "ఏ ఎడిటర్ వాడాలో తేలడం లేదు" అని ఈయన టైపు చేశారట. వైద్యుడు ఆ మాటనే తిప్పి ప్రశ్నగా వేశాడు. గంటసేపు బాగా కాలక్షేపమైందన్నారు.

2022 డిసెంబరు 15న గిట్‌హబ్ ఆటమ్‌ని మూసేసింది. ఆ మధ్యాహ్నం ఎడిటర్ గారు క్యారేజీ విప్పలేదు. కానీ సాయంత్రానికి మొహం వెలిగింది. "చూశావటోయ్, తొందరపడి అందులో రాసుంటే ఏమయ్యేదీ?"

ఏమీ అయ్యేది కాదు. ఎందులో రాసినా ఫైల్లో ఉండేవి మామూలు అక్షరాలే, రేపు ఇంకోదాంట్లో తెరుచుకుంటాయి. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఆ వెలుగు చూస్తూ ఆర్పబుద్ధి కాలేదు.

ఆయన పరీక్షలన్నిట్లోకీ కఠినమైంది తెలుగు పరీక్ష. అందుకు మాస్టారి పద్యాలే సరుకు. ప్రతి కొత్త ఎడిటర్లోనూ ఆ 116 పద్యాలూ పోసి, 'స్త్రీ' దగ్గర ఆగుతారు. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొట్టి, ఏం పోయిందో ముక్కు తెరకు ఆనించి చూస్తారు. గుడిదీర్ఘం ఒక్కటే పోతే ఒక మార్కు, అక్షరం మొత్తం ఊడితే ఇంకో మార్కు. ఏది ఒప్పో ఇంకా నిర్ణయించుకోలేదు. అన్ని అక్షరాలకూ ఒకే కొలత గదులిచ్చే టెర్మినల్లో వత్తులు చెట్టుకొకటి పుట్టకొకటి అయితే, మాస్టారికి జరిగిన అన్యాయానికి నొచ్చుకుంటారు. ఇన్నేళ్ళలో పద్యాలన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి.

మొన్న వేసవి సెలవుల్లో బావమరిది కూతురు, ఇంటర్ చదివే పిల్ల, నోట్‌ప్యాడ్ తెరిచి రెండు సాయంత్రాల్లో ఆ మూడు పేజీలూ రాసి పడేసింది. ఎడిటర్ గారు పేజీ వెనకున్న కోడ్ తెరిచి చూసి ఫోన్ చేశారు.

"టాబ్‌లు వాడావా, స్పేసులు వాడావా అమ్మా?"

"తర్వాత చూసి చెప్తా మామయ్యా, ఆర్డర్లు ప్యాక్ చేస్తున్నా."

ఆ వెంటనే ఫోన్ మాస్టారి చేతికి వెళ్ళింది. "అల్లుడు గారూ, మన పద్యాల సంగతి?"

"పరిశీలనలో ఉన్నాయండీ" అన్నారు ఈయన. అబద్ధం కాదు. అప్పుడూ తెర మీద అవే ఉన్నాయి.

అవతల మాస్టారి గొంతు పూడుకుపోయింది. "అంతకన్నానా నాయనా! నలభై ఏళ్ళుగా పంపుతున్నా. వారం తిరక్కుండా తిప్పికొట్టేవాళ్ళే గానీ, ఇన్నేళ్ళు దగ్గర పెట్టుకున్న ఎడిటర్ మీరొక్కరే."