మచ్చిక

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ప్రత్తిపాడు దగ్గరి సొంతూరు చేరిన కుర్రాడు 2024 జూన్‌లో ఫోనుకో స్టాండు, చొక్కాకో మైకు కొన్నాడు. సొంత చేలో పండిన కాయతో కారం పట్టించి ఆన్‌లైన్లో అమ్మాలని ఆలోచన. అయితే ఇప్పుడే కాదు.

"ముందు జనాన్ని మచ్చిక చేసుకోవాలి నాన్నా. ఆర్నెల్లపాటు ఏదీ అమ్మకూడదు. తెలిసింది ఊరికే చెబుతూ పోవాలి. నమ్మకం కుదిరాక వాళ్లే అడుగుతారు."

తండ్రి అప్పుడే గుంటూరు నుంచి తెచ్చిన విత్తనాల ప్యాకెట్లు అరుగు మీద పెట్టాడు. "ఇందులో కొత్తేముందిరా? మిర్చి యార్డులో మన కమీషన్ కొట్టాయన చేసేదీ అదేగా. విత్తనాలకి డబ్బు అడిగితే నోట్లో మాట నోట్లో ఉండగానే తీసిచ్చాడు. ఎప్పుడు కట్టాలండీ అంటే, తొందరేముంది, కాయ వచ్చాక చూసుకుందాం అన్నాడు. పాతికేళ్లుగా అదే మాట."

"అది అప్పు నాన్నా. ఇది మార్కెటింగ్."

కుర్రాడిలో సరుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. నారు పోయడం దగ్గర్నించి మొదలుపెట్టాడు. 2021లో తోటలకు తోటలు ఊడ్చేసిన నల్ల తామర పురుగుని చూపించి, దాన్ని పట్టడానికి నీలిరంగు జిగురట్టలు ఎలా కట్టాలో చెప్పాడు. తేజ రకం ఘాటెక్కువ గనక చైనాకీ, కాయనుంచి నూనె లాగే ఫ్యాక్టరీలకీ పోతుందనీ, ఇంటి కారానికి లాం ఫారంలో పుట్టిన 334 చాలనీ, ఎరుపు ఇంకా కావాలనుకుంటే నాలుగు బ్యాడిగి కాయలు వేసుకోవాలనీ చెప్పాడు. వాళ్లమ్మ రోట్లో పండుమిర్చి పచ్చడి నూరుతుంటే తీసిన వీడియోకి అమెరికా నుంచి కూడా నోరూరింది.

అన్నిటికన్నా ఎక్కువ మంది చూసింది మాత్రం కల్తీ గురించి. కళ్లంలో తెల్లబడి ఏరిపారేసిన తాలుకాయ చౌకగా ఎవరి చేతికి పోతుందో, రంగు పూసుకుని ప్యాకెట్లో ఎలా తిరిగొస్తుందో విడమరిచాడు. సుడాన్ రంగు కలిసిన కారం వల్ల 2005లో బ్రిటన్ దుకాణాల్లోంచి వందల రకాల సరుకులు వెనక్కి తీయించిన సంగతీ చెప్పాడు. ఆ రంగు నీళ్లలో కరగదు, దాన్ని ల్యాబ్‌లోనే పట్టాలి. మామూలు రంగులకి మాత్రం గ్లాసు నీళ్లు చాలు: చెంచా కారం పైన చల్లండి, ఎర్రటి తీగలు కిందికి జారాయంటే ఆ ప్యాకెట్ చెత్తబుట్టలో పడేయండి.

"తమ్ముడూ, ఎప్పుడు అమ్ముతావు?" అని వందల మంది. రోజూ పలకరించే కూకట్‌పల్లి రిటైర్డు టీచరమ్మ అయితే, "బాబూ, రెండు కిలోలు నా పేరున రాసుకో" అంది. "తొందరేముంది మేడం, కాయ రానివ్వండి" అన్నాడు కుర్రాడు.

"అడిగినప్పుడు పెట్టాలిరా, ఆకలి చచ్చాక ఎవరు తింటారు?" అని వాళ్లమ్మ గొణిగింది. ఆవిడకి మార్కెటింగ్ తెలియదు.

జనవరిలో బుకింగ్ తెరిచాడు. పుస్తకంలో రాసినట్టే జరిగింది. జనం ఎగబడి ముందే డబ్బు కట్టేశారు.

జరగనిది యార్డులో. అంతకు రెండేళ్ల కిందట క్వింటా 20 వేలు దాటిన కాయ ధర సగానికి పడింది. ఫిబ్రవరిలో కేంద్రం కలగజేసుకుని 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చిందంటే చూసుకోండి. ఆ ధరకి విత్తనాల బాకీ, మందుల బాకీ, కోత కూలీల బాకీ తీరాలంటే ఉన్న మిర్చి బస్తాలు, ఆ టిక్కీలన్నీ తోలినా చాలదు. కొట్టాయన పల్లెత్తు మాట అనలేదు. లారీ పంపించాడంతే. కొడుకు కోసమని వసారాలో ఓ పక్కకి పెట్టిన టిక్కీలు కూడా అందులోనే ఎక్కాయి. కళ్లంలో తాలు మిగిలింది.

మంచి కాయ కొందామంటే, జనం కట్టిన డబ్బులో సగం డబ్బాలకీ లేబుళ్లకీ కొరియర్‌కీ అయిపోయింది. నిజం చెప్పేస్తే సరిపోయేది. బదులుగా గుంటూరు శివార్లలో ఒక మిల్లు పట్టుకున్నాడు. కారం చవగ్గా ఉంది, చూడ్డానికి నిగనిగలాడుతోంది. లోకానికంతటికీ నేర్పిన గ్లాసు పరీక్ష తను మాత్రం చేయలేదు.

టీచరమ్మ చేసింది. తిట్టలేదు, అరవలేదు. "మా చిన్న గురువుగారు నేర్పిన పరీక్ష" అంటూ గ్లాసు బల్ల మీద పెట్టి, చెంచాడు కారం చల్లి, మిగతాది ఫోనుకి వదిలేసింది. ఎర్రటి తీగలు నెమ్మదిగా అడుక్కి దిగాయి. కుర్రాడి వీడియోలన్నీ కలిపి చూసినవాళ్ల కంటే ఆ ఒక్కటీ చూసినవాళ్లు ఎక్కువ. మర్నాటికి అందరూ ఒకటే మాట: డబ్బు వాపసు.

ఆ రాత్రి ఫోను మోగింది. కమీషన్ కొట్టాయన.

"అబ్బాయ్, నీ వీడియోలు మా ఇంటిల్లిపాదీ చూస్తాం. ఎంత బాగా చెబుతావనుకున్నావ్! జనానికి డబ్బు తిరిగివ్వాల్సి వచ్చిందటగా? ఎంతో చెప్పు, పొద్దున్నే మనిషితో పంపిస్తా."

కుర్రాడికి గొంతు పెగల్లేదు. "మళ్లీ ఎప్పటికి కట్టాలండీ?"

"తొందరేముంది నాయనా, కాయ వచ్చాక చూసుకుందాం."