మందు ఆపాక ఆ వారం

నా మూర్ఖత్వం దాచుకుంటే నా పరువు దక్కుతుందేమో గానీ, మరో బిడ్డకు మేలు జరగదు. అందుకే చెబుతున్నాను.

మా పాప 31వ వారంలోనే పుట్టింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. నెలలు నిండని బిడ్డల మెదడులో ఊపిరిని నడిపించే భాగం ఇంకా పక్వానికి రాదు. అందుకే ఊపిరి ఉన్నట్టుండి ఆగుతుంది. 20 సెకన్లకు పైగా ఆగినా, అంతలోపే గుండె వేగం పడిపోయినా, ఒళ్లు నీలమైనా దాన్ని ఆప్నియా అంటారు. ఊపిరి, గుండె వేగం గమనించే మిషన్ మోగగానే సిస్టర్ మెడ సరిచేసి, అరికాలిని వేలితో తట్టేది. పాప ఉలిక్కిపడి గాలి పీల్చుకునేది.

ఊపిరి ఆగకుండా రోజూ కెఫీన్ మందు ఇచ్చారు. గర్భం లెక్కన 34 వారాలు దాటాక ఆపి, "ఇంకో వారం చూడాల" అన్నారు డాక్టరమ్మ. మిషన్ మోగడం లేదు, బిల్లు మాత్రం పెరుగుతోంది. "రాసిస్తా, మా బిడ్డను మేం తీసుకుపోతాం" అని గొంతు పెంచాను. ఆమె కోప్పడలేదు.

"పొద్దున నువ్వు తాగిన కాఫీలోని కెఫీన్ సగం సాయంత్రంలోపే ఒంట్లోంచి పోతాది నాయనా. ఇంత పాపకు ఆ సగం పోయేదానికే మూడు నాలుగు రోజులు పడతాది. ఇప్పుడు ఊపిరి తీసేది పాపా, మిగిలిన మందా? ఎట్లా తెలుస్తాది?"

అయినా నా మొండితనం తగ్గలేదు. కాగితం మీద సంతకం ఒక్కటే మిగిలింది. ఆ రాత్రి పాలు పడుతుండగా పాప పెదవులు నీలమయ్యాయి. అరికాలు తట్టినా, వీపు రుద్దినా కదల్లేదు. సిస్టర్ ముఖానికి మాస్కు పెట్టి బ్యాగుతో గాలి అందించింది. అప్పుడు ఏడ్చింది పాప. నేను సంతకం పెట్టి ఉంటే, ఆ వేళకు ఆళ్లగడ్డలో అందరం నిద్రలో ఉండేవాళ్లం.

మర్నాటి నుంచి ఆ వారాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఈసారి నేను నోరెత్తలేదు.

తల్లిదండ్రులారా, మందు ఆపాక గమనించే ఆ రోజులూ వైద్యమే. డాక్టరు చెప్పేదాకా బిడ్డను ఆసుపత్రి నుంచి కదిలించకండి. ఇంటికి వెళ్లేముందు ఊపిరి ఆగితే ఏం చేయాలో సిస్టర్ దగ్గర చేత్తో చేసి నేర్చుకోండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి, మెడ ముందుకు వంగనీయకండి. పెదవులు నీలమైతే బిడ్డను తట్టి లేపుతూనే 108కి ఫోన్ చేయించండి.