ఊరొకటి, ఉద్యోగమొకటి

మా అన్నయ్య కొడుకు కొంతకాలంగా థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మైలో ఉంటున్నాడు. క్లయింటు అమెరికాలో, కంపెనీ హైదరాబాద్‌లో, మనిషి మాత్రం నిమ్మాన్ రోడ్డు కాఫీ షాపులో, ప్లగ్ పాయింటు పక్కన. ఒక్క అమెరికానో చెప్పి, దాన్ని తీర్థంలా పుచ్చుకుంటూ పూటంతా లాగించేస్తాడు. మన ఇరానీ హోటల్లో అయితే రెండో టీ చెప్పేదాకా సర్వర్ నెత్తిమీదే నిలబడేవాడు.

ఇలాంటివాళ్ల కోసమే థాయ్ ప్రభుత్వం 2024 జులైలో కొత్త వీసా పెట్టింది. బ్యాంకులో 5 లక్షల బాత్‌లు, అంటే మన డబ్బుల్లో పన్నెండు లక్షల పైమాటే, చూపించాలి. వీసా ఐదేళ్లు. వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. ల్యాప్‌టాప్ పని లేకపోతే ముయే థాయ్ బాక్సింగో థాయ్ వంటో నేర్చుకుంటానన్నా ఇస్తారట. ఇంట్లో ఉన్నన్నాళ్లూ తిన్న కంచం తీయని మావాణ్ణి వంట నేర్చుకునేవాడిగా ఒక దేశం నమ్మడానికి సిద్ధంగా ఉందంటే దౌత్యం ఎంత ఎదిగిందో చూడండి.

షరతు ఒకటుంది. అక్కడి కంపెనీలో మాత్రం పనిచేయకూడదు. పైగా ఆ దేశంలో కొన్ని పనులు పరాయివాళ్లకు చట్టం ప్రకారమే నిషిద్ధం. క్షవరం చేయకూడదు, టూరిస్టు గైడుగా తిరగకూడదు. కాబట్టి ఆ ఊళ్లో ఒకరి జుట్టు కత్తిరించిన విదేశీయుడు నేరస్థుడు, ఊరితో పూచికపుల్లంత సంబంధం లేని పని చేసుకునేవాడు గౌరవ అతిథి.

అక్కడి కాండోలు కట్టే కూలీల్లో చాలామంది మయన్మార్ నుంచి సరిహద్దు దాటి వచ్చిన షాన్ జాతివాళ్లు. వాళ్లూ వచ్చింది పరాయి ఊరికే, పనికోసమే. కానీ వాళ్ల పర్మిట్ యజమానికి ముడిపడి ఉంటుంది. అతను పొమ్మంటే పని పోవడమే కాదు, కాగితాలకూ చిక్కే. పరంజా మీద ఇటుకలు మోస్తున్నవాడి దగ్గరికెళ్లి, ఈ స్వేచ్ఛా జీవితం రహస్యమేంటని ఎవరూ వీడియో తీయరు.

అలాగని మన పాస్‌పోర్టువాడు మరీ ఎగరక్కర్లేదు. జపాన్ కూడా 2024లోనే ఇలాంటి వీసా తెచ్చింది. ఏడాదికి కోటి యెన్ల ఆదాయం ఉంటే ఆరు నెలలు ఉండనిస్తుంది. మావాడు రెండు కోట్లు సంపాదించినా లాభం లేదు. అర్హత ఉన్న దేశాల జాబితాలో మన పేరే లేదు.

అసలు తమాషా ఆఫీసు మీటింగులో. జనమంతా ఇంట్లో కూర్చుని వెనక బీచ్ బొమ్మ పెట్టుకుంటారు. మావాడు నిజమైన కొండ ముందు కూర్చుని వెనక కూకట్‌పల్లి ఫ్లాట్ గోడ బొమ్మ పెట్టుకుంటాడు, క్యాలెండర్‌తో సహా. కంపెనీ ఇంటి నుంచి పని చేయమంది గానీ, ఇంటిని దేశం దాటించమనలేదు మరి. పన్నుల గొడవ, డేటా గొడవ అని వాళ్ల భయాలు వాళ్లవి. నెట్ ఆగితే "కరెంటు పోయిందండీ" అంటాడు. తెలంగాణ విద్యుత్ శాఖ చేయని తప్పుకు కూడా మాట పడుతోంది.

న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదైతే చియాంగ్‌మైలో రాత్రి ఎనిమిదో తొమ్మిదో. పని ముగిసేసరికి తెల్లవారుతుంది, పగలంతా నిద్ర. ఆ ఊళ్లో మావాడికి బాగా తెలిసిన దర్శనీయ స్థలం అర్ధరాత్రి సెవెన్ ఇలెవెన్. సుతేప్ కొండమీది గుడికి మూడొందల పైచిలుకు మెట్లున్నాయి, ఎక్కావా అంటే, "వచ్చే వీకెండ్ బాబాయ్" అంటాడు. ఎప్పుడడిగినా వచ్చే వీకెండే.

"ఈ ఊరంటే ప్రాణం బాబాయ్" అని కూడా అంటాడు. ఆ ప్రాణం జనవరి దాకానే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టూ పొలాల్లో కోత మిగుల్చిన మోళ్లూ, అడవులూ తగలబడి ఊరు పొగలో మునుగుతుంది. ప్రపంచంలోకెల్లా గాలి చెడిన నగరాల జాబితాలో కొన్ని రోజులు మొదటి వరసకు ఎక్కుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ జనం సముద్రం వైపు సర్దుకుంటారు. కాఫీ షాపు పిల్లా, షాన్ మేస్త్రీ దగ్గుతూ అక్కడే ఉంటారు.

మావాడు మాత్రం ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేస్తాడు, ఉగాదికి వస్తున్నానని. పరాయి దేశంలో ఉన్నా పండగ మర్చిపోలేదని మా వదిన వీధంతా చెప్పుకుంటుంది. పొగ సంగతి ఆవిడకు నేనైతే చెప్పను.